అటుపక్క షాఫ్టు

సమ్మెట దెబ్బ పడ్డ ప్రతిసారీ మిలటరీ ట్రక్కు ఒళ్లంతా ఖంగుమంటోంది గాని, ఎడమవైపు షాఫ్టు మాత్రం ఉన్నచోటు నుంచి కదలడం లేదు. చిన్నమేస్త్రి చెమట తుడుచుకుని, దాన్ని దాని పుట్టుకతో సహా తిట్టి, మళ్లీ సమ్మెట ఎత్తాడు.

తల ముగ్గుబుట్టయినా అతన్ని అందరూ చిన్నమేస్త్రి అనే పిలుస్తారు. ఆ షెడ్డుకి పెద్దమేస్త్రి ఒకడున్నాడు మరి. అతను స్వయానా అక్క మొగుడు. షెడ్డేమో చిన్నమేస్త్రి తండ్రిది. కొడుకుండగా, తన దగ్గర పని నేర్చుకున్న అల్లుణ్ణి పెద్ద చేసి పోయాడా మహానుభావుడు. అదొక మంట. దాని మీద ఆజ్యం పోసినవి ఇంకా ఉన్నాయి.

ట్రక్కు ఏ కాలం నాటిదో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఏదో యుద్ధంలో తిరిగింది, ఆ తర్వాత ఎవరి దొడ్లోనో వానకు తడిసి తుప్పు పట్టింది. చివరికి పాత బండ్ల పిచ్చి ఉన్న ఒక పెద్దమనిషి కంటపడింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఆయన ముచ్చట. వెనక ఇరుసు లోపల కుడికొకటి, ఎడమకొకటి పొడవాటి ఉక్కు షాఫ్టులుంటాయి. వాటి లోపలి కొసలకుండే పళ్లు ఇరుసు నడుమ ఉన్న పళ్లచక్రాలను పట్టుకుని ఉంటాయి. ఆ రెండూ బయటికి లాగితే తప్ప ఇరుసు విప్పడం కుదరదు.

కుడివైపుది బావ చేతికి నిన్ననే వచ్చేసింది. వెన్నలో కత్తి దిగినట్టు వచ్చింది. బావ దాన్ని గుడ్డతో తుడిచి, చిన్నమేస్త్రి తలెత్తితే కనపడేచోట బల్ల మీద పెట్టాడు. కావాలనే పెట్టాడు.

"ఏమే బండీ," అన్నాడు చిన్నమేస్త్రి గట్టిగా, "అటుపక్క ఊరికే వచ్చిందని కొందరు తెగ నీలుగుతున్నారు. తుప్పంతా ఇటు నెట్టి, నున్నటి పక్క తను తీసుకుంటే ఎవడికైనా వస్తుందని చెప్పవే."

అవతల నుంచి దగ్గు వినబడింది. దగ్గు తర్వాత మాట.

"బండీ, చేతకానివాడు కొడితే నీకు చక్కిలిగింతలు పెట్టినట్టుంటుందిలే. పాపం, ఓర్చుకో."

ఏళ్ల తరబడి వాళ్లిద్దరి మాటలూ ఇంతే. ఏ బండి షెడ్డుకొస్తే ఆ బండితో మాట్లాడతారు. బావా బావమరుదులన్నాక వేళాకోళాలు ఉండాల్సిందే. వీళ్లిద్దరి మధ్యా వేళాకోళం పులిసిపోయి విషమైంది.

కారణం చిన్నమేస్త్రి ఎడమచేతిని చూస్తే తెలుస్తుంది. దానికి రెండు వేళ్లు లేవు. జాకీ దించేముందు కేక వెయ్యాలి, కింద ఉన్నవాడు 'ఊ' అనాలి, అది విన్నాకే దించాలి. ఏ షెడ్డులోనైనా అదే పద్ధతి. ఆ రోజు బావ కేక వెయ్యకుండానే దించేశాడు. వేశానంటాడు. వేస్తే, కిందే ఉన్నవాడికి వినబడదా? అప్పటికి చిన్నమేస్త్రికి పెళ్లి కుదిరింది. చేతికి కట్టు చూసి ఆడపిల్లవాళ్లు మొదట సానుభూతి చూపించారు, కట్టు విప్పాక మొహం చాటేశారు. మరో సంబంధం రాలేదు, అతనూ చూడమనలేదు. షెడ్డు మీద గదిలో పడుకుంటాడు, అక్క పంపిన అన్నం తింటాడు, కిందికి దిగి స్పానర్ పట్టుకుంటాడు. జీవితమంటే అదే. అతనికి క్షమాపణలూ గట్రా అక్కర్లేదు. 'కేక వెయ్యలేదురా' అన్న ఒక్క ముక్క బావ నోటి వెంట రావాలి. దానికోసమే అతను ఆ షెడ్డుని అంటిపెట్టుకుని ఉన్నాడు.

ఆ ముక్క ఇక రాదేమోనన్న సంగతి ఆ పొద్దున్నే బయటపడింది. టీ ఇవ్వడానికొచ్చిన అక్క గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ బండి అయిపోతే మీ బావ మానేస్తున్నాడురా. ఆయాసం ఎక్కువైంది. మా పెద్దపిల్ల దగ్గరికి వెళ్లిపోతాం."

"వెళ్లమను. నేనేమైనా కాళ్లు పట్టుకుని ఆపుతున్నానా?"

"ఒక్కసారి మంచిగా మాట్లాడరా. ఏం పోయింది?"

"రెండు వేళ్లు పోయాయి."

అక్క ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. చిన్నమేస్త్రికి దిగులు కలగలేదు, ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నోరు విప్పకుండా గడిపి, ఇప్పుడు చల్లగా జారుకుంటాడా!

ఆ కోపమంతా షాఫ్టు మీద చూపించాడు. కిరోసిన్ పోసి నాననిచ్చాడు. మంట పెట్టి కాల్చాడు. పళ్లెంలా ఉన్న దాని బయటి కొసకు రెండు బోల్టులు ఎక్కించి, వాటిని బిగిస్తూ బయటికి నెట్టాడు. బొటనవేలు పట్టేంత సందు వచ్చి ఆగిపోయింది. లోపల పళ్ల దగ్గర తుప్పు కరుచుకుపోయింది. ఇంకా బిగిస్తే పళ్లెం పగిలి చేతికొస్తుంది.

ఇక మిగిలింది ఒకటే దారి. కుడి షాఫ్టును మళ్లీ లోపలికి ఎక్కించాలి. ఇటు షాఫ్టు తిరగకుండా ఒకడు కడ్డీతో అదిమి పట్టాలి, అటు చక్రం బిగించే హబ్బుకి రాడ్డు పెట్టి ఇంకొకడు తిప్పాలి. రెండు వైపుల బలానికి నడుమనున్న తుప్పు తెగుతుంది. ఆ దారి చిన్నమేస్త్రికి పొద్దున్నే తెలుసు. బావకీ తెలుసు. అడుగుతాడా లేదా అని బావ కాచుకుని కూర్చున్నాడనీ తెలుసు. అందుకే మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా ఇంకాసేపు ఉత్తపుణ్యానికి సమ్మెట ఝాడించాడు. చివరికి భుజం ఒప్పుకోలేదు.

"బండీ, అటుపక్క షాఫ్టు మళ్లీ ఎక్కిస్తే బాగుంటుందని ఎవరికైనా తోస్తే ఎక్కించమను."

"పొద్దున్నే ఏడిస్తే ఈపాటికి అయిపోయేదని చెప్పు, బండీ."

బల్ల మీద నుంచి షాఫ్టు లేచింది. అవతల ఏదో డబ్బా మూత తీసిన చప్పుడు, ఉక్కు లోపలికి జారిన చప్పుడు. ట్రక్కు అడ్డంగా ఉండటంతో చిన్నమేస్త్రికి ఇరుసు కింద నుంచి బావ బూట్లు మాత్రమే కనపడుతున్నాయి. తను కడ్డీని ఇటు పళ్లెంలో దూర్చి నేలకు ఆనించి, దాని మీద చెయ్యి అదిమి కూర్చున్నాడు. అవతలివాడు చెప్పకుండా తిప్పాడంటే ఆ చెయ్యి కూడా నలిగిపోతుంది.

"తిప్పుతున్నా!" అన్నాడు బావ.

బండితో కాదు. నేరుగా అతనితోనే అన్నాడు. చిన్నమేస్త్రి ఉలిక్కిపడ్డాడు. నోటిదాకా వచ్చిన 'ఊ'ని పళ్ల మధ్య నొక్కేశాడు.

"తిప్పుతున్నారా! వినబడిందా?"

బావ బూట్ల మడమలు నేల మీద నుంచి లేచి ఉన్నాయి. రాడ్డు బరువంతా భుజం మీద మోస్తున్నాడన్నమాట. పిల్లికూతల ఊపిరి ఇటువైపుకి వినబడుతోంది. అయినా తిప్పడం లేదు. మొయ్యి, ఇంకాసేపు మొయ్యి అనుకున్నాడు చిన్నమేస్త్రి. ఈ ఓపిక ఆనాడు ఏ గంగలో కలిసింది?

"ఊ అనరా." గొంతు సన్నబడింది. "నువ్వు అనందే తిప్పను."

చిన్నమేస్త్రి ఇంకొంచెం ఆగాడు. ఆ ఆగడంలో ఉన్న రుచిని తృప్తిగా చప్పరించాడు. అప్పుడు అన్నాడు.

"ఊఁ. తిప్పి చావు."

రాడ్డు కిర్రుమంది. ఇరుసు లోపల ఎండుకట్టె విరిగినట్టు ఫెళ్లుమని చప్పుడైంది. చిన్నమేస్త్రి పళ్లెం పట్టుకుని వెనక్కి గుంజితే, ఎర్రటి తుప్పు రాలుస్తూ షాఫ్టు బారెడు బయటికొచ్చి అతని ఒళ్లో పడింది.

"వచ్చింది!" అని అరిచాడు. అరిచాక బండిని పక్కన పెట్టి, తనూ నేరుగా అడిగాడు. "ఇవాళ ఇన్నిసార్లు అరవడం వచ్చింది కదా. ఆ రోజు ఒక్కసారి నోరు పెగల్లేదేం? చెప్పు బావా. వేశావా కేక? వెయ్యలేదు కదూ?"

ఇరుసు కింద నుంచి చూస్తే, బావ కాళ్లు చాపుకుని నేల మీద కూర్చున్నాడు.

"పలక్కు. పలికితే ఒప్పుకున్నట్టవుతుందని భయం. నీ బతుకంతా ఇంతే."

చేతులు కడుక్కున్నాడు. షాఫ్టు తుడిచాడు. తుడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. పోయిన సంబంధాన్ని తలుచుకుని తిట్టాడు, తండ్రిని తలుచుకుని తిట్టాడు. అవతలివాడు నోరెత్తకపోయేసరికి ఇంకా రెచ్చిపోయి తిట్టాడు. సాయంత్రం టీ తెచ్చిన అక్క అటుపక్కకి వెళ్లింది. "ఏమండీ" అంది. మళ్లీ "ఏమండీ" అంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒకసారి ఇలా రారా," అంది చాలా మెల్లగా.

బావ హబ్బుకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. రాడ్డు ఒళ్లో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని దేన్నీ చూడటం లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లబడిపోయింది.

ఇరుగుపొరుగు వచ్చారు, మోసుకెళ్లి ఇంట్లో పడుకోబెట్టారు. అక్క ఏడ్చి ఏడ్చి ఆగి, తమ్ముడి వైపు చూసింది.

"చివర్లో ఏమైనా అన్నాడా?"

"తిప్పుతున్నా అన్నాడు. నేను అనందే తిప్పనన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఊ అన్నాను," అన్నాడు. మిగతా రెండు మాటలూ మింగేశాడు.

అక్కడ ఉండలేక షెడ్డుకి వచ్చేశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక కుడివైపుకి నడిచాడు. ఇరుసు విప్పాలంటే బావ ఎక్కించిన షాఫ్టును మళ్లీ తియ్యాలి. తీసేవాడు ఇక తనొక్కడే. సమ్మెట పట్టుకెళ్లాడు. బోల్టులు విప్పి, పళ్లెం మీద చెయ్యి వేశాడు. సమ్మెటతో పని పడలేదు. షాఫ్టు దానంతటదే వస్తున్నట్టు జారి అతని చేతుల్లోకి వచ్చేసింది. లోపలి కొస పళ్ల మధ్య, ఒక్క సందూ వదలకుండా, కొత్త గ్రీజు పూసి ఉంది.