రెండో లిఫ్టరు

బేళ్ళు కట్టే ప్రెస్సు గుంతలో మోకాళ్ళ దాకా దూదిలో దిగబడి బాలస్వామి తొక్కుతున్నాడు. పైనుంచి ఇద్దరు ఆడవాళ్ళు గంపలతో దూది కుమ్మరిస్తున్నారు. కుమ్మరించినప్పుడల్లా కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నూగు దిగిందాకా ఆగి మళ్ళీ కాళ్ళెత్తుతున్నాడు. ముప్పై ఆరేళ్ళుంటాయి. పొట్టీ కాదు, పొడుగూ కాదు. కనుబొమల మీద, మీసం మీద, ఆఖరికి చెవుల్లో వెంట్రుకల మీద కూడా తెల్లటి నూగు. నంద్యాలలో ఏ జిన్నింగు మిల్లుకు పోయినా ఇలాంటి మనిషి ఒకడు గుంతలో కనిపిస్తాడు. వాడి పేరేమిటని ఎవరూ అడగరు. చేతులు మాత్రం చూడదగ్గవి. పొడుగాటి వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా బంతి కోసం ఎదురుచూస్తున్నట్టు కొంచెం వంగి ఉంటాయి.

గుంత సగం నిండాక అతని తల గుంత అంచు దాటి పైకి వచ్చింది. వెంటనే గేటు వైపు చూశాడు. గుంత సగం నిండితే గేటు కనిపిస్తుందన్న సంగతి ఆ మిల్లులో అతనొక్కడికే తెలుసు. గేటు దగ్గర వేపచెట్టు నీడలో స్టూలు మీద కూర్చుని అల్లాబక్ష్ వచ్చే పత్తిబండ్లకు చీటీలు రాసిస్తున్నాడు. ఉతికిన తెల్లచొక్కా. పక్కన కూజా. రాసే చీటీలు తక్కువ, తుడుచుకునే చెమట తక్కువ. పదకొండేళ్ళుగా అదే స్టూలు, అదే నీడ. బాలస్వామికి కడుపులో ఎప్పటిలాగే మండింది.

మిల్లుకు ఒక వాలీబాల్ జట్టుంది. ఎంత పెద్ద ఆటగాడు ఎంత ఎత్తు ఎగిరి కొట్టాలన్నా, ముందు ఒకడు ఆ బంతిని రెండు చేతులతో సుతారంగా వాడికందేలా లేపాలి. వాడే లిఫ్టరు. ప్రతి బంతీ వాడి చేతుల మీదుగానే పోతుంది గనుక మిల్లు మేనేజర్లు లిఫ్టర్లను కొత్త అల్లుళ్ళలా చూసుకుంటారు. చిక్కేమిటంటే ఒక జట్టుకు ఒక లిఫ్టరే. రెండోవాడు బంతుల సంచి మోయాలి, వల కట్టాలి, మొదటివాడికి కాలు మడతపడితే అప్పుడు లేవాలి. అల్లాబక్ష్‌కు పదకొండేళ్ళలో కాలు మడతపడింది నాలుగుసార్లు. ఏ ఊళ్ళో, ఏ ఆటలో, ఎన్నో పాయింటు దగ్గరో బాలస్వామిని అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు.

ఏటా ఏప్రిల్ నెలాఖరులో, పత్తి సీజను అయిపోతుండగా, మేనేజరు కొండయ్య జట్టులో మొదటి ఆరుగురికి కాగితాలిస్తాడు. కాగితం చేతికొస్తే ఇంకో ఏడాది కొలువు ఖాయం. ఎండాకాలం కూడా పని ఉంటుంది, అదీ కూర్చుని చేసే పని, మిల్లు లైన్లో కొళాయి ఉన్న గది ఉంటుంది. ప్రాక్టీసు తరవాత తలా ఒక ఉడికించిన గుడ్డు కూడా ఆ ఆరుగురికే. మిగిలినవాళ్ళకు బొరుగులు. బాలస్వామి బొరుగులు నములుతూ అల్లాబక్ష్ గుడ్డు పెంకు వలిచే తీరు పదకొండేళ్ళు చూశాడు. అంత నిదానంగా వలవాల్సిన అవసరం ఏముందని అతనికి ఒళ్ళు మండేది.

ఈ ఏడు, ఎనభై ఒకటిలో, సంగతి వేరు. అల్లాబక్ష్‌కు నలభై ఒకటి నిండాయి. జనవరిలో వెలుగోడు పోటీల్లో కుడి మోకాలు వాచింది. ఈసారి ఆయనకు కాగితం పొడిగించరని మిల్లంతా అనుకుంటోంది. మిల్లు జట్టు బాగుండాలని, ఆయన మోకాలి కోసం ప్రార్థన చేయమని తమ చర్చిలో పాస్టరు చెబితే బాలస్వామి కూడా కళ్ళు మూసుకున్నాడు. ఏమని ప్రార్థించాడో అతనికీ దేవుడికీ తెలుసు.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి జీవమ్మ జొన్నరొట్టె, రోట్లో నూరిన ఊరుబిండి పెట్టి గుమ్మంలో కూర్చుంది. భర్త తల మీది నూగును కొంగుతో దులిపింది.

“ఈ పొద్దు ఆట యాడ?”

“ఆళ్ళగడ్డలో. నూనెమిల్లోల్లతో.” రొట్టె తుంచుతూ, మామూలు మాట అన్నట్టుగా చెప్పాడు. “ఆటంతా నేనే ఆడేది. అల్లాబక్ష్‌కు మోకాలు నొస్తాందంట.”

“అయ్యో పాపం.”

“ఏందే పాపం? పదకొండేండ్లు గీత బయట నిలబడినాను. నా కాళ్ళు నొయ్యలేదా?”

జీవమ్మ ఖాళీ బిందె వైపు చూసింది. “ఈసారన్నా కాగితం ఇస్తే లైన్లో రూముకు పోదాము. నీళ్ళకు తిరగలేక చస్తాండా” అంది.

“ఇస్తారు. ఇయ్యక యాడికి పోతారు?” అన్నాడు బాలస్వామి. అంత ధైర్యంగా అతను మాట్లాడటం ఆమె పెళ్ళయినప్పటి నుంచి వినలేదు.

రెండు గంటలకు మిల్లు లారీ కదిలింది. అలవాటు ప్రకారం బంతుల సంచి భుజాన వేసుకుని వెనక ఎక్కబోతుంటే అల్లాబక్ష్ ముందు క్యాబిన్ దిగి వచ్చాడు.

“నువ్వు ముందర కూచోప్పా. ఎనక కూచుంటే కుదుపులకు చేతులు అదురుతాయి. ఈ పొద్దు లేపాల్సింది నువ్వు గదా” అని సంచి తాను అందుకున్నాడు.

బాలస్వామి జన్మలో మొదటిసారి క్యాబిన్‌లో మేనేజరు పక్కన కూర్చున్నాడు. దారిలో శిరివెళ్ళ ఊరు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. తరవాత ఒకసారి చూశాడు. వెనక అద్దంలోంచి అల్లాబక్ష్ తల కనిపించింది, ఎండలో, దుమ్ములో, సంచి ఒళ్ళో పెట్టుకుని. చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా అనిపించింది. ఇంత హాయి పడటం తప్పేమోనని కూడా అనిపించకపోలేదు గానీ, ఆ ఆలోచనను శిరివెళ్ళ దగ్గరే వదిలేశాడు.

కొండయ్య బీడీ ముట్టించుకుని అడిగాడు. “ఆళ్ళగడ్డలో మీవోల్లు ఎవురన్నా ఉండారా?”

“మా పెద్దమ్మ ఉంది సార్.”

“మంచిదే” అన్నాడు కొండయ్య. ఇంకేమీ అడగలేదు.

ఆళ్ళగడ్డలో ఆటస్థలం శిల్పాలు చెక్కేవాళ్ళ పాకల పక్కనే. ఉలుల చప్పుడు ఆగి, తలల నిండా రాతిపొడితో ఆ పనివాళ్ళు కూడా వచ్చి గీతల చుట్టూ కూర్చున్నారు. సగం చెక్కిన ఒక నంది రాయి మీద అల్లాబక్ష్ చోటు చేసుకున్నాడు. పదకొండేళ్ళుగా బాలస్వామి కూర్చున్న గీత బయటి వైపు అది. ఒకటో నంబరు బనియను వేసుకుని బాలస్వామి వల దగ్గరికి నడిచాడు. అది అల్లాబక్ష్‌దే, భుజాల దగ్గర కొంచెం వదులైంది.

మొదటి బంతి చేతుల్లోకి రాగానే గుండెదడ పోయింది. వేళ్ళ కొసల మీద బంతి ఒక్క క్షణం నిలిచి లేచింది. కొట్టేవాడు ఎగిరి కొట్టాడు. పాయింటు. తరవాతి బంతికి ముందుకు చూస్తూనే తల మీదుగా వెనక్కి లేపాడు. అవతల వల దగ్గరున్న ముగ్గురూ ముందువైపే ఎగిరారు, అతని వెనకున్న మిల్లు ఆటగాడు ఖాళీ వల మీద నుంచి నింపాదిగా కొట్టాడు. జనం గోల పెట్టారు. ఒక శిల్పి లేచి నిలబడి అరిచాడు.

“ఓరి నీ! అచ్చం అల్లాబక్ష్ లెక్కనే లేపుతాండాడే!”

చప్పట్లు. ఆ చప్పట్లలో బాలస్వామికి చెంప మీద కొట్టినట్టయింది. పోనీ తన పద్ధతిలో లేపుదామని మరుసటి బంతికి చేతులు వేరే విధంగా పెట్టాడు. బంతి చెదిరి వలకు తగిలి కిందపడింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ పడింది. తన పద్ధతి అంటూ ఒకటి ఎక్కడుంది? పదకొండేళ్ళు రెప్ప వేయకుండా ఆ మనిషినే చూశాడు. మణికట్టు ఎక్కడ వంచుతాడో, ఊపిరి ఎప్పుడు వదులుతాడో, బంతి పోయాక బొటనవేళ్ళను ఎట్లా తొడలకు రాసుకుంటాడో. చూసి చూసి అవన్నీ అతని చేతుల్లో దిగబడిపోయాయి. కక్షతో నేర్చుకున్నా నేర్పే కదా. పాయింట్లు పోతుంటే ఇక లాభం లేదనుకుని చేతులను వాటి దారికి వదిలేశాడు. అవి అల్లాబక్ష్ చేతుల్లాగే ఆడాయి. రాయి మీద నుంచి అల్లాబక్ష్ ప్రతి మంచి బంతికీ చప్పట్లు కొడుతున్నాడు. ఆ చప్పట్లే అన్నిటికంటే ఎక్కువ మండించాయి.

మూడు సెట్లలో రెండు గెలిచారు. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తబోతే సిగ్గుపడి తప్పించుకున్నాడు. ఇంక కాగితం తనదే. కొండయ్య కళ్ళారా చూశాడు. జీవమ్మకు ముందు ఏం చెప్పాలి, కాగితం సంగతా, కొళాయి సంగతా అనుకుంటూ చెమట తుడుచుకుని లారీ దగ్గరికి నడిచాడు.

లారీలో ఎవరిదో పరుపుచుట్ట, ట్రంకుపెట్టె ఉన్నాయి. పక్కన నూనెమిల్లు జట్టులో పొడుగాటి ఆటగాడు ప్రభుదాసు నిలబడి ఉన్నాడు. ఇప్పటిదాకా అవతల నుంచి షాట్లు కొట్టినవాడు. అతను బాలస్వామి కళ్ళలోకి చూడకుండా తల దించుకున్నాడు.

మిల్లుల మధ్య ఒక పద్ధతి ఉంది. ఆటగాళ్ళను మార్చుకుంటే ఆట అయిన చోటే మార్చుకుంటారు. రాతకోతలుండవు. ఇటు పెద్దమనిషి, అటు పెద్దమనిషి కూర్చుని టీ తాగుతారు. లారీ వెనక్కి పోయేటప్పుడు అందులో ఒకరు మారి ఉంటారు. ఉండిపోయినవాడి సామాను మరుసటి లారీలో వస్తుంది. ఆ టీ ఇప్పుడు గ్రౌండు అవతలి మూల అయిపోవస్తోంది. కొండయ్య, నూనెమిల్లు సూపర్వైజరు ఇమ్మానుయేలు గ్లాసులు పెట్టి లేచారు.

కొండయ్య వచ్చి భుజం మీద చెయ్యేశాడు. “బాగాడినావు. ఈల్లు మూడేండ్లుగా నిన్ను అడుగుతాండారు. రెండో లిఫ్టరుకు ఏమిస్తారప్పా అంటే బంతుల జత ఇస్తామనేటోల్లు. ఈ పొద్దు నీ ఆట చూసి ప్రభుదాసునే ఇచ్చేసినారు. మనకు షాట్ కొట్టేటోడు లేక చస్తాంటిమి.”

బాలస్వామి లారీ వైపు చూశాడు. “మరి అల్లాబక్ష్?”

“ఆయనకు రెండేండ్లు పొడిగించినాము. నిన్ననే కాగితం ఇచ్చినా.”

“మోకాలు నొస్తాందంటిరి గద సార్?”

“అది ఎప్పుడో నయమాయె. నిన్ను ఈల్లు చూడాల గదా. నేను కూచుంటా, బాలస్వామిని దింపు అని ఆయనే చెప్పినాడు.” కొండయ్య నవ్వుతూ అతని బనియను వైపు చూపించాడు. “అది ఇడిచి ఇయ్యి. మిల్లుది.”

బాలస్వామి బనియను విప్పి ఇచ్చాడు. ఒట్టి వంటితో గీత పక్కన నిలబడ్డాడు. సరిగ్గా ఆడకపోయుంటే ఈ పాటికి లారీలో ఉండేవాడు. అంత బాగా ఎందుకు ఆడాను అని తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

బంకు దగ్గర నుంచి అల్లాబక్ష్ రెండు గోలీసోడాలు తెచ్చాడు. కుంటడం లేదు. ఒకటి బొటనవేలితో టప్పుమని కొట్టి తాను తాగి, రెండోది ఇవ్వబోయాడు.

“తాగప్పా.”

బాలస్వామి చెయ్యి చాపలేదు.

“నన్ను తరిమేస్తివి కదన్నా.”

“ఔను” అన్నాడు అల్లాబక్ష్. దాచలేదు. “పదకొండేండ్లు నీ చూపు నా ఈపు మీదనే ఉండె. ఆట్లో ఉండా, గేటుకాడ ఉండా, గుడ్డు తింటాండా, అదే చూపు. ఇంగ మొయ్యలేకపోతి. నీ చేతులు నా చేతుల కంటే మంచివి బాలస్వామీ. ఆ మాట నాకు ఎప్పుడో తెలుసు. చెప్తే నా స్టూలు పోతాదని ఎవురికీ చెప్పలా. నిన్న చెప్పినా, ఆళ్ళగడ్డోల్లకు ఇచ్చేయండి, ఈడ ఉంటే నాకు నిద్ర రాదు అని.”

బాలస్వామి ఆ మనిషి ముఖంలోకి చూశాడు. తనదే చూస్తున్నట్టుంది. అదే మంట, అదే ఎండిపోయిన నవ్వు. పదకొండేళ్ళుగా తానొక్కడే మండుతున్నాననుకున్నాడు. ఈయన కూడా మండుతున్నాడని తెలిస్తే మనసు చల్లబడాలి. కానీ పడలేదు. ఆయనకు మిల్లులో ఇంకా రెండేళ్ళు ఉన్నాయి, తనకు లేవు. “పోన్నా. లారీ పోతాంది” అన్నాడు.

అల్లాబక్ష్ కొట్టని రెండో సోడా సీసాను నంది రాయి మీద పెట్టి, వెళ్ళి క్యాబిన్ ఎక్కాడు. ప్రభుదాసు వెనక ఎక్కాడు. లారీ నంద్యాల దారి పట్టింది. దుమ్ము చాలాసేపు దిగలేదు.

“రాప్పా, చొక్కా తెప్పిస్తా, టీ తాగుదువు” అని ఇమ్మానుయేలు కేకేశాడు. “ఇంగ నువ్వే మా మొదటి లిఫ్టరువి. రేపు పొద్దున్నే కాగితం ఇప్పిస్తా. రూము కూడా చూసిపెట్టినాము, కొళాయి ఉండాది. నీ పెండ్లాన్ని పిలిపించుకో.”

అడిగినవన్నీ వచ్చాయి. కాగితం, గది, కొళాయి, మొదటి స్థానం. జీవమ్మ సంతోషంతో ఏడుస్తుంది. బాలస్వామికి మాత్రం ఏదీ అందినట్టు లేదు. తాను ఇన్నేళ్ళు కోరుకున్నది అల్లాబక్ష్ స్థానమని, దానికి బదులు వేరే ఊళ్ళో పీట వేసి కూర్చోబెట్టినా తన కడుపు చల్లారదని అతనికి ఇప్పుడు తెలిసింది. రేపటి నుంచి చూడటానికి ఎదురుగా ఎవరూ ఉండరు. “వస్తాండా” అని బదులిచ్చి ఇమ్మానుయేలు వెంట నడిచాడు, బొటనవేళ్ళను తొడలకు రాసుకుంటూ.

నంది రాయి మీద సీసా ఒక్కటే మిగిలింది. చెమట పట్టిన ఆకుపచ్చ గాజు లోపల గోలీ మూతికి గట్టిగా అంటుకుని ఉంది.