ఒక్కటైనా సూటిగా

ఆ ఏడాది బ్రష్‌క్రీక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి మ్యాచూ ఓడింది. ఓడడంలోనైనా ఒక పద్ధతీ పాడూ లేదు. ఒక శనివారం వానలో జారి ఓడింది, ఇంకో శనివారం ఎండకు సొమ్మసిల్లి ఓడింది, మరో శనివారం గెలుస్తూ గెలుస్తూ ఓడింది. నెబ్రాస్కా అంతటా మొక్కజొన్న కోతలు అయిపోయాయి గానీ వీళ్ళ ఓటములు అయిపోలేదు.

జట్టులో ఆమోస్ హ్రూష్కాది ఒకటే పని. మిగతావాళ్ళు బంతిని చంకలో పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే, అతను చొక్కా నలక్కుండా పక్కన నిలబడి, పిలిచినప్పుడు వచ్చి, బంతిని తన్ని రెండు గోల్ స్తంభాల మధ్య నుంచి పంపాలి. అతను తన్నిన ప్రతి బంతీ కుడివైపుకే పోయింది. ఒకటి బ్యాండులో పెద్ద బాకా ఊదే అమ్మాయి బాకాలో దిగింది. ఇంకోటి గ్రౌండు బయట ఎవరో కాచుకుంటున్న గొడ్డుమాంసం పులుసులో పడింది. కుడివైపు సీట్లవాళ్ళకు కూడా హెల్మెట్లు ఇవ్వాలని కాలేజీ పత్రిక రాసింది.

వాళ్ళ నాన్న ఎల్డన్ పందుల రైతు. ప్రతి శనివారం పందులకు మేత వేసి, పికప్ ట్రక్కు వేసుకుని అంత దూరం నుంచీ వచ్చేవాడు. మ్యాచ్ అయ్యాక "గాలిరా అబ్బాయ్, అంతా గాలి" అనేవాడు. ఆకు కదలని రోజున కూడా అదే మాట. అది విన్నప్పుడల్లా ఆమోస్‌కి ఏడుపొచ్చేది. వచ్చే మే నెలతో చదువైపోతుంది. ఆ తర్వాత బంతి తన్నమని పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. నాన్న చూస్తుండగా ఒక్కటైనా సూటిగా పోవాలి. అతనికి కావలసింది అంతే.

ఆఖరి మ్యాచ్ సొంత మైదానంలో, హాలెట్ కాలేజీతో. రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, చిట్టచివర్న బ్రష్‌క్రీక్ కుర్రాడొకడు బంతి పట్టుకుని పరుగెత్తి అవతలి చివరి గీత దాటేశాడు. ఇంకేముంది, గెలిచేసినట్టే! గెలిచిన రోజు గోల్ స్తంభాలు పీకి, ఊరేగించి, నదిలో పడెయ్యడం అక్కడి ఆచారం. గెలుపు మొహం చూసి మూడేళ్ళయిన విద్యార్థులు ఆటలు మొదలైన సెప్టెంబరు నుంచీ కోట్ల కింద రంపాలు మోస్తున్నారు. అందరూ ఒక్కసారిగా మైదానం మీద పడ్డారు. మైదానానికి ఒక చివరనున్న స్తంభాలు నదిపాలయ్యాయి. రెండో చివరనున్నవి గేటులో అడ్డంగా ఇరుక్కున్నాయి.

పక్కగీత దగ్గర ఒక రెఫరీ పాపం అప్పట్నుంచీ చెయ్యెత్తే నిలబడి ఉన్నాడు. కుర్రాడు మధ్యలో పక్కగీత తొక్కాడట. ఆ పరుగు చెల్లదు. గడియారంలో ఇంకా ఒక్క క్షణం మిగిలి ఉంది. బంతి స్తంభాల మధ్య నుంచి పోతే మూడు పాయింట్లు, ఇక దిక్కు ఆమోస్ కాలే.

"స్తంభాల్లేకుండా మావాడు ఎక్కడికి తంతాడండీ?" అన్నాడు బ్రష్‌క్రీక్ కోచ్ ట్విచెల్.

"పీకింది నేనా?" అన్నాడు పెద్ద రెఫరీ. "తెచ్చి నిలబెట్టుకోండి."

"చేతుల్తో పట్టుకు నిలబడినా మాకేం అభ్యంతరం లేదు సార్," అన్నాడు హాలెట్ కోచ్ ఎంతో ఉదారంగా. "తన్నేది ఆ అబ్బాయే కదా."

"కదిపారో, గోల్ ఇవ్వను," అన్నాడు రెఫరీ.

రెండు స్తంభాలూ ఒకే కాండానికి అతికి ఉన్న ఆ చట్రాన్ని గేటులోంచి ఊడబెరికి తెచ్చి, కోసిన మొదలు మీదే నిలబెట్టారు. ఎవరికి అందిన చోట వాళ్ళు పట్టుకున్నారు. ఎల్డన్ కంచె దూకి వచ్చి, "జరగండర్రా, పందుల్ని మోసిన భుజం ఇది," అంటూ అందరినీ నెట్టుకుని అడుగున దూరాడు.

ఆమోస్ పరుగెత్తాడు. తన్నాడు. తగలగానే తెలిసింది అతనికి. బంతి గీత గీసినట్టు నడిమధ్యకు లేచింది. హాలెట్ వాళ్ళు సైతం నోళ్ళు తెరిచి చూశారు.

"కుడికి! కుడికి తొయ్యండర్రా!" అని కింద నుంచి ఎల్డన్ కేక వినిపించింది.

అంతమందీ ఒక్క ఊపున స్తంభాలను కుడికి లాక్కుపోయారు. బంతి ఎడమ స్తంభానికి బయటగా, ఖాళీ ఆకాశంలోంచి, సూటిగా వెళ్ళిపోయింది. రెఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బ్రష్‌క్రీక్ ఓడిపోయింది.

ఎల్డన్ మొహం కందగడ్డలా చేసుకుని బయటికొచ్చాడు.

"సూటిగా వెళ్ళింది నాన్నా. చూశావా?"

"లేదురా. తల వంచుకుని తోస్తున్నాను."

ఆమోస్‌కి కోపం, ఏడుపు, నవ్వు మూడూ కలిసి వచ్చాయి. "నా మీద నీకసలు నమ్మకమే లేదు కదా?"

"లేదు," అన్నాడు ఎల్డన్. "మొదటి మ్యాచ్ నుంచీ లేదు. అయినా ఒక్క శనివారం మానానా?"

ఎల్డన్ మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళి భుజం ఆనించాడు. అక్కడే తచ్చాడుతున్న విద్యార్థులు కూడా వచ్చి తలో చెయ్యి వేశారు.

"ఇంకోటి తన్ను. ఈసారి కదపను," అన్నాడు తల పైకెత్తి. "అది ఎటు పోయినా చూస్తాను."

ఆమోస్ బంతి తేవడానికి వెళ్ళాడు.