కరిగే స్టెంటు, వదులు చొక్కా

గుండె పరీక్షకు వెళ్లే రోజు డ్రైవరు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. పనిలోంచి దిగిపోయి చాలాకాలమైనా వీధిలో అందరికీ ఆయన డ్రైవరే. సిటీ బస్సు స్టీరింగు తిప్పిన చేతులు అన్నం కంచాన్ని కూడా ఇప్పటికీ రెండు పక్కలా పట్టుకుంటాయి.

"వైరు మణికట్టులోంచి పెడతారు మామయ్యా, చెంపలోంచి కాదు," అంది కోడలు గుమ్మంలో నిలబడి.

"శుభ్రంగా రమ్మన్నారు."

"కడుపు ఖాళీగా రమ్మన్నారు. సెంటు కొట్టుకోమన్లేదు."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఆసుపత్రికి వెళ్లే రోజున డ్రైవరు చెప్పే జవాబులన్నీ ఆ బాపతే.

మూడేళ్ల కిందట ఆయన గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోతే, పెద్దాసుపత్రిలో కొత్తరకం స్టెంటు వేశారు. మామూలు స్టెంటు లోహంది. ఒకసారి లోపల పెట్టారంటే మనిషితోనే దాని ప్రయాణం. ఇది అలా కాదు. పాదుకు పుల్ల గుచ్చినట్టు నాళానికి కొన్నాళ్లు ఆసరాగా నిలబడి, అది తేరుకున్నాక తనంతట తానే కరిగిపోతుంది. నిజంగా కరుగుతుందా, కరిగాక నాళం తెరుచుకునే ఉంటుందా అన్నది తేల్చుకోవడానికి ముందుగా గుప్పెడుమందికి వేశారు. మడికంతా చల్లేముందు గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూసుకుంటాం చూడండి, అలాంటిదే ఇదీ.

ఆ గుప్పెడుమందీ మూణ్ణెల్లకోసారి వచ్చి సిస్టరు అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఏడాదికోసారి మణికట్టులోంచి సన్నటి వైరు గుండెదాకా పంపించుకోవాలి. ఆ వైరు కొసన చిన్న వెలుగు. వెనక్కి లాగుతుంటే నాళం లోపలి గోడంతా తెరమీద కనపడుతుంది. ఇవాళ చేసేది ఆఖరుసారి. ఆ తర్వాత ఎవరూ రానక్కర్లేదు.

ఆ కబురు ఫోనులో విన్ననాటి నుంచి డ్రైవరుకు కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే ఆ ఆసుపత్రి హాల్లో, కిటికీ పక్క బెంచీమీద, టైలరమ్మ కూర్చుంటుంది.

ఆమెకూ అదే స్టెంటు. పిలుపు కూడా ఎప్పుడూ ఆయనతోపాటే. మొగుడు పోయాక బట్టలు కుట్టే కొట్టు పెట్టుకుని తమ్ముడి దగ్గర ఉంటోంది. మొదటిరోజు, ఆయన నడిపింది మార్కెట్టు రూటని తెలియగానే ఆమె కళ్లు చిట్లించింది.

"అయితే మా స్టాపు దాటించి ఎక్కడో ఆపేది మీరేనన్నమాట! మీ బస్సు వెనక పరిగెత్తి పరిగెత్తే నా గుండె ఇలా అయింది."

భార్య పోయాక డ్రైవరు పగలబడి నవ్వింది ఆ రోజే. ఆ నవ్వు చూసి కోడలు చదువుతున్న పేపరు కిందపెట్టింది.

ఆ రోజే టైలరమ్మ ఆయన చొక్కా వంక చూసి, "జబ్బుచేసి చిక్కిపోయారు, భుజాలు జారిపోతున్నాయి. ఈసారి తెచ్చివ్వండి, సరిచేసి పెడతా," అంది.

"తెస్తాను," అన్నాడు. తేలేదు. తెస్తే సరిచేసి ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? అందుకని ప్రతిసారీ వదులు చొక్కానే తొడుక్కుని వెళ్లేవాడు. ఆమె చూసి, ఈ మనిషి మారడన్నట్టు తల అడ్డంగా ఊపేది. ఆ ఒక్క ఊపూ ఆయనకు మూణ్ణెల్ల గ్రాసం.

ఇవాళ ముందు ఆయన్నే పిలిచారు. తోడుమనిషి కూడా ఉండాలి కాబట్టి కోడలు పక్కన కూర్చుంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?" సిస్టరు అడిగింది.

"లేదు."

"ఛాతీలో నొప్పి?"

మూడేళ్లుగా లేదని చెప్పిన నోరే. తలుపు సందులోంచి కిటికీ పక్క బెంచీ కనపడుతోంది.

"ఉంది," అన్నాడు డ్రైవరు.

సిస్టరు కలం ఆగింది. "ఎటు పాకుతోంది? చేతికా, దవడకా?"

"అటూ ఇటూ. మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాల్సి ఉంటుందేమో కదమ్మా?"

"నిన్న నీళ్ల క్యాను భుజాన పెట్టుకుని మేడెక్కారుగా మామయ్యా?" అంది కోడలు.

"అప్పుడే మొదలైంది."

సిస్టరు రాసుకుని, డాక్టరమ్మతో చెప్పి వస్తానని వెళ్లింది. కోడలు ఆమె వెనకే వెళ్లింది. డ్రైవరు హాల్లోకొచ్చి బెంచీమీద టైలరమ్మకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. అబద్ధమాడినా మనసు మాత్రం తేలిగ్గా ఉంది. ఇంకో మూణ్ణెల్లు. ఆపైన ఇంకో మూణ్ణెల్లు.

"మా తమ్ముడికీ ఇదే తెగులు తేలింది డ్రైవరుగారూ," అంది టైలరమ్మ. ఎదురుగా కౌంటరు దగ్గర నిలబడ్డ సన్నటి మనిషిని చూపించింది. "చిన్నవాడు. మందులతో నెట్టుకొస్తున్నాడు. మనకు బాగున్నట్టు తేలితే, ఇంకా ఎక్కువమందికి ఈ స్టెంటు వేస్తారట. అందులో వాణ్ణి చూస్తానంది డాక్టరమ్మ."

"మంచిదేగా."

"మంచిదే. మనలో ఒక్కరికి నొప్పొచ్చినా అంతా ఆపేసి చూసుకుంటారట మరి. ఉన్నదే గుప్పెడుమందిమి, ఒక గింజ పుచ్చినా కనపడిపోతుంది. నాకైతే భయం లేదు, మీకూ ఏం లేదు. రోకలిబండలా ఉన్నారు."

దొంగకు తేలు కుట్టినట్టయింది డ్రైవరుకు. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. లేచి, తడబడుతూ డాక్టరమ్మ గదిలోకి నడిచాడు.

"నొప్పి లేదమ్మా. అబద్ధం చెప్పాను."

కూతురి వయసుండే డాక్టరమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎందుకు చెప్పారు?"

ఎంత వెతికినా డ్రైవరుకు ఈసారి దూడగడ్డి దొరకలేదు. కోడలు తలుపులోంచి హాలువైపు ఒకసారి చూసింది.

"పెద్దాయన కదండీ," అంది మెల్లగా. "ఇక్కడికి రావడం అలవాటైపోయింది. ఇక రానక్కర్లేదంటే తోచక అన్నారు."

"రాసింది చెరపడానికి వీల్లేదు," అంది డాక్టరమ్మ. "నొప్పి ఉందన్నారనీ ఉంటుంది, లేదన్నారనీ ఉంటుంది. ఏది నిజమో మీ నాళమే చెప్పాలి. పదండి."

చల్లటి గదిలో ఆసుపత్రి గౌనుతో బల్లమీద పడుకున్నాడు. మణికట్టు దగ్గర చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తల పక్కకు తిప్పితే తెర. మొదటి ఏడాది ఆ తెరమీద నాళం చుట్టూ దండ గుచ్చినట్టు పూసలు కనపడ్డాయి. అదే స్టెంటన్నారు. రెండో ఏడు పూసలు మసకబారాయి. ఈసారైనా నాలుగు పూసలు మిగిలి ఉంటే బాగుండు, వాటిని చూడ్డానికైనా మళ్లీ రమ్మంటారని నిన్న రాత్రిదాకా కోరుకున్నాడు. ఇప్పుడు అదే మనిషి పళ్లు బిగబట్టి, ఒక్కటీ ఉండకూడదని కోరుకుంటున్నాడు. కౌంటరు దగ్గర నిలబడ్డ ఆ సన్నటి మనిషే కళ్లముందున్నాడు.

ఛాతీలో వెచ్చగా ఏదో పాకింది. వైరు వెనక్కి జరిగింది. తెరమీద గుండ్రంగా, తేటగా, కడిగిన గిన్నెలా నాళం తిరిగింది.

"ఒక్క పూసా లేదు," అంది డాక్టరమ్మ. ఆ గొంతులో సంబరం దాచుకోలేకపోయింది. "మొత్తం కరిగిపోయింది. నాళం సొంతంగా నిలబడింది. మీరిక ఎప్పుడూ రానక్కర్లేదు."

"అయితే ఆవిడ తమ్ముడికి..."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. "మీ మూలాన ఆగదు లెండి."

మణికట్టుకు పట్టీ బిగించి బయటికి పంపారు. అదే తలుపు దగ్గర టైలరమ్మ లోపలికి వెళ్తూ ఎదురైంది. ఆసుపత్రి గౌనులో ఆమె మరీ చిన్నగా ఉంది.

"ఏమన్నారు?"

"ఏమీ లేదట. అంతా పోయిందట."

"హమ్మయ్య. చల్లటి మాట చెప్పారు." ఆమె కదల్లేదు. ఆయన గౌను భుజం ఒకటి కిందికి జారి ఉంటే చెయ్యి చాచబోయి, మళ్లీ ఆపుకుంది. "మీకు గౌను కూడా వదులే."

"చొక్కా తెస్తాను."

"మూడేళ్లుగా ఇదే పాట." ఈసారి ఆమె తల ఊపలేదు, నవ్వలేదు. "రేపట్నుంచి ఎక్కడికి తెస్తారు?"

సిస్టరు పిలిచింది. తలుపు మూసుకుంది. డ్రైవరు ఆ తలుపు ముందు, బస్సు వెళ్లిపోయిన స్టాపులో మనిషిలా నిలబడిపోయాడు.

సాయంత్రం మార్కెట్టు బస్సులోనే ఇంటికి బయల్దేరారు. టైలరమ్మ వీధి వచ్చింది. ఎన్నేళ్లు ఆ మలుపు తిప్పాడో, ఆ కొట్టువైపు ఒక్కసారి తలతిప్పి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూస్తే తాళం వేసి ఉంది, ఇంకా ఆసుపత్రిలోనే ఉండుంటుంది. బస్సు స్టాపు దాటి అల్లంత దూరాన ఆగింది.

"వీడూ అంతే," అన్నాడు డ్రైవరు. కోడలు వెనక్కి తిరిగి ఆ కొట్టువైపు చూసింది.

ఇంటికొచ్చాక ఆయన ఒక్క చేత్తోనే బీరువా తెరిచాడు. చొక్కాలన్నీ తీసి మంచంమీద పరిచాడు. నీలంవీ, గళ్లవీ, డ్యూటీనాటి ఖాకీవీ. ప్రతిదాని భుజం కుట్టునూ వేలితో తడిమి చూశాడు. అన్నీ వదులే. ఒక సంచి తెచ్చి ఒక్కొక్కటే మడతపెట్టి కుక్కడం మొదలుపెట్టాడు.

కోడలు మంచినీళ్ల గ్లాసుతో వచ్చి, ఆ సంచి చూసి ఆగింది. గ్లాసు బల్లమీద పెట్టి, చొక్కాలన్నీ బయటికి తీసి మళ్లీ మంచంమీద పరిచింది. నీలం చొక్కా ఒక్కటే సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"అన్నీ ఒకేసారి తీసుకెళ్తారా ఎవరైనా?" అంది. "ఒక్కొక్కటే మామయ్యా."