గాలిలో అయిదు గంటలు

అబ్దుల్ వాహిద్ ప్రొద్దుటూరులో నాగేంద్ర విమాన టికెట్ల అంగడికి వచ్చి కూర్చోవడం అది పదకొండో రోజు. పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి, షట్టరు ఎత్తేసరికి బెంచీ మీద ఉంటాడు. టికెట్ అడగడు, తగాదా పడడు. ఎవరైనా "కువైట్‌కు ఎంతసేపు?" అంటే మాత్రం నాగేంద్ర కంటే ముందే నోరు తెరుస్తాడు.

"అయిదు గంటలంటాడు. నమ్మాకండి. నాకూ అట్లే చెప్పినాడు. మా అమ్మకు పిడికెడు మన్ను వెయ్యడానికి గూడా అందలే నేను."

సగం మంది లేచి వెళ్లిపోయేవారు. నాగేంద్ర మొహం మాడిపోవడం చూస్తే వాహిద్ కడుపు చల్లబడేది. కాసేపటికే మళ్లీ మండేది. ఒకే ఒక ఫ్యాను ఉంటే దాన్ని కూడా నాగేంద్ర రోజూ బెంచీ వైపే తిప్పి పెట్టేవాడు. ఆ గాలి తగిలినా మండేది.

మే నెలలో తల్లి మెహబూబున్నీసా పోయిన పొద్దున వాహిద్ కువైట్‌లో ఉన్నాడు. "మూడున్నర వేల కిలోమీటర్లు, గాల్లో అయిదు గంటలు. సాయంత్రం అసర్ నమాజుకల్లా ఇంట్లో ఉంటావు" అని ఫోన్లో భరోసా ఇచ్చింది నాగేంద్రే. ఆ మాటే వాహిద్ ఇంటికి చేరవేశాడు, పెద్దలు జనాజా ఎత్తకుండా ఆపారు. తీరా చూస్తే మధ్యలో రెండు విమానాలు మారాలి. బెంగళూరు నుంచి రోడ్డు ప్రయాణం అసలు లెక్కలోనే లేదు. ఆ ఎండకు శవం సాయంత్రం దాకా కాచుకుంది. ఇక ఆపలేక పూడ్చేశారు. మర్నాడు పొద్దెక్కాక చేరిన వాహిద్‌తో మేనమామ అన్నది ఒకటే మాట: "అమ్మను ఎండబెట్టినావు గదరా."

ఆ రోజు పదకొండు గంటలప్పుడు సకీనా అనే ఆమె రొప్పుతూ వచ్చింది.

"అప్పా, పులివెందులలో మా అబ్బ పోయినాడు. తమ్ముడు కువైట్‌లో ఉండాడు. జనాజా ఎప్పుడని మావోళ్లు అడుగుతాండారు. ఎన్ని గంటలకొస్తాడు?"

"గాల్లో అయిదు గంటలే గదమ్మా. పొద్దు గుంకేలోపల..." నాగేంద్ర నోటికి అలవాటైన మాట జారిపోయింది.

వాహిద్ ఆ మాట విన్నాడు. ఇంక తను నోరు మూసుకుంటే చాలు. రేపు ఆ ఇంటి మగవాళ్లంతా బండ్లు కట్టుకుని వస్తారు, అంగడి బోర్డుతో సహా లేస్తుంది. పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

సకీనా అప్పటికే ఫోన్లో చెబుతోంది. "ఆపండి. మంచుగడ్డలు తెప్పిచ్చండి. అబ్బ మొగం మీద ఎండ పడనీయాకండి."

"ఫోన్ పెట్టెయ్ చెల్లీ!" వాహిద్ అరుపుకు ఆమె ఉలిక్కిపడింది. అతడు కాగితం లాగి నాగేంద్ర ముందు కొట్టాడు. "రాయి. ఆడ విమానం ఎప్పుడు? దానికి మూడు గంటలు ముందే చేరాల. బెంగళూరులో దిగి బయటపడేదానికెంత? పులివెందులకు కార్లో ఎంత? అన్నీ రాయిరా!"

నాగేంద్ర ఒక్కొక్కటే రాశాడు. కూడి చూస్తే మర్నాడు పొద్దున ఎనిమిదయింది.

సకీనా ఆ కాగితం వంక కాసేపు చూసి మళ్లీ ఫోన్ తీసింది. "కాచుకోవద్దు. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే ఎత్తండి. తమ్మునికి నేను చెప్తా." కళ్లు తుడుచుకుని నాగేంద్ర వైపు తిరిగింది. "నిజం రాసిచ్చినావు నాయనా. అల్లా నిన్ను సల్లగా చూడాల."

వాహిద్‌ను ఆమె చూడనే లేదు. బస్సుకు పరుగెత్తింది.

"వాహిద్ భాయ్..."

"నాతో మాట్లాడాకు." వాహిద్ బెంచీ మీంచి లేచాడు. చేతికందిన పగను చేతులారా పారేసుకున్నాడు. పైగా ఆమె దీవించిన దువా కూడా వీడికే పోయింది.

"రేపు రావా?"

"వస్తా. నువ్వు ఈ అంగడి మూసేదాకా వస్తా" అంటూ వాహిద్ మెట్లు దిగాడు.