ఆ మాట మా ఇళ్లలో అనరు

చారులత పుట్టింది అన్నూరులో, ఉద్యోగం కోయంబత్తూరులో. ఒక మహిళా కళాశాలలో తమిళ శాఖకు పెద్ద. తరగతిలో నిలబడి పాఠం చెబుతుంటే ఆమె ఇంటి భాష తెలుగని ఎవరికీ తట్టదు. తట్టకూడదనే ఆమె కోరిక కూడా. చిన్నప్పుడు బడిలో తెలుగును తిరగేసి ‘గొల్టి’ అని వెక్కిరించిన పిల్లల గొంతులు ఆమె చెవుల్లోంచి పోనే లేదు. ఇంట్లో మాట్లాడే మాటను గడప దాటనివ్వకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

అలాంటి మనిషిని ఆ మాట కోసమే శాసనసభ పిలిపించింది.

కోయంబత్తూరు చివర మిల్లు కూలీల కాలనీలో ఆరోగ్యసామి అనే ఆయన చిన్న పక్షపత్రిక నడుపుతాడు. పత్రిక తమిళం. ఆఖరి పేజీలో మాత్రం ‘తిన్నె మాట’ అని ఒక శీర్షిక వచ్చేది. వీధి అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ లోకాన్ని తిట్టిపోస్తూ ఉంటుంది. తిట్టేది ఇంటి తెలుగులో, అచ్చయ్యేది తమిళ అక్షరాల్లో. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని జనం మరి. ఒకరు చదువుతుంటే పదిమంది విని నవ్వేవారు.

ఆ ఏడాది చెరువులు పూడ్చి కట్టడాలు కట్టుకోనిచ్చే బిల్లొకటి సభకు వచ్చింది. అక్కడి సభ్యుడు తిరుమలసామి, ఆయనదీ తెలుగిల్లే, దాన్ని దుమ్మెత్తిపోస్తూ గంటసేపు మాట్లాడాడు. ఓటు దగ్గరికి వచ్చేసరికి దానికే చెయ్యెత్తాడు. తర్వాతి సంచికలో అవ్వ ఇలా అన్నది: “మా ఎదవ చెరువు గావాలని గొంతు చించుకున్నాడు. చెరువు పూడ్చేదానికి చెయ్యెత్తినాడు. నోటికీ చేతికీ సుట్టరికం తెగిపోయిందేమో, పాపం.”

జిల్లా అంతా నవ్వింది. తిరుమలసామి నవ్వలేదు. భర్త పోయాక తన తల్లి కష్టపడి తనను పెంచిందనీ, ‘ఎదవ’ అని రాసి ఆమె వైధవ్యాన్ని ఎగతాళి చేశారనీ, సభలో తన నడతను కించపరిచి సభ హక్కులకే భంగం కలిగించారనీ ఫిర్యాదు పెట్టాడు. అది హక్కుల కమిటీకి పోయింది. కమిటీలో తెలుగు తెలిసినవారు లేరు. రెండు భాషల మధ్య మాటల రాకపోకల మీద ఎప్పుడో పరిశోధన చేసిందని ఎవరో చారులత పేరు చెప్పారు.

రాజధానిలో కమిటీ కూర్చునే పొడవాటి గదిలో విచారణ అంతా తమిళంలో నడిచింది. బల్లకు ఆ చివర ఆరోగ్యసామి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

“ఈ మాటకు మూలం ఏమిటి ప్రొఫెసరమ్మా?” అని అధ్యక్షుడు అడిగాడు.

“విధవ అనే సంస్కృత పదం.”

“అంటే భర్త చనిపోయిన ఆడది?”

“అవును.”

అంతవరకూ నిజమే. తర్వాతి వాక్యం ఆమె నాలుక చివరే ఉంది. మూలం అదే గాని, వాడుకలో ఆ మాటలోంచి విధవ ఎప్పుడో వెళ్లిపోయిందనీ, పనికిమాలినవాడా అని విసుక్కోవడానికీ, ఒక్కోసారి ముద్దు చేయడానికీ ముసలమ్మలు దాన్నే వాడతారనీ చెప్పాలి. చెప్పబోయింది కూడా. ఈలోగా అధ్యక్షుడు కుతూహలంగా ముందుకు వంగాడు.

“మీరూ తెలుగువారేనటగా. మీ ఇళ్లలో ఇలాగే మాట్లాడుకుంటారా?”

పక్కనున్న ఇద్దరు సభ్యులు చిన్నగా నవ్వారు. బడినాటి నవ్వు అది. చారులతకు మొహం చెవుల దాకా వేడెక్కింది.

“లేదండీ,” అంది. “ఆ మాట మా ఇళ్లలో అనరు. కాలనీల్లో కూలిజనం అనుకునే మాట.”

ఆరోగ్యసామి తల తిప్పి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నడివీధిలో చుట్టం ఎదురై, నువ్వెవరో తెలీదన్నట్టు తప్పుకుని పోతే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

క్షమాపణ చెబుతావా అని కమిటీ అతన్ని అడిగింది. “చెయ్యెత్తినందుకు ఆయన ఊరికి చెప్తే, నవ్వినందుకు నేను ఆయనకు చెప్తాను” అన్నాడతను. ఆ జవాబుతో ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. సమావేశాలు ముగిసేదాకా జైలు అని సభ తీర్మానించింది. టీవీల్లో కమిటీ నివేదికలోని ముక్క మళ్లీ మళ్లీ చదివారు: అది మర్యాదస్తుల ఇళ్లలో పలకని మాటని నిపుణురాలు స్పష్టం చేశారు.

ఆ ఆదివారం చారులత అన్నూరు వెళ్లింది. చెప్పులు విడుస్తుండగానే లోపలినుంచి తల్లి తాయమ్మాళ్ గొంతు వినబడింది. “ఒరే ఎదవా, నూనె చేత్తో టీవీ ముట్టద్దని ఎన్ని తూరి చెప్పాల్రా!” తిట్లు తింటున్నది చారులత తమ్ముడు అరవిందన్. నలభై తొమ్మిదేళ్లవాడు, నూలు మిల్లు యజమాని.

అతను నవ్వుతూ బయటికొచ్చాడు. “బాగా చెప్పినావక్కా. తిరుమలసామి అన్న ఫోన్ చేసినాడు. మనవాళ్ల మానం కాపాడినావన్నాడు.”

చారులత కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. అన్నం వడ్డిస్తున్నంతసేపూ తాయమ్మాళ్ ఆ ఊసెత్తలేదు. కూతురి ఆకులో మజ్జిగ పోస్తూ అప్పుడడిగింది.

“ఏమే చారూ, నేను మర్యాద లేని దాన్నా?”

“అది కాదుమా...”

“టీవీలో చెప్పినారే, ఆ మాట మన ఇంట్లో అనేదే లేదని. మీ నాయన్ని అన్నాను, వీణ్ణి అంటుండాను, నీ కొడుకు పుట్టినప్పుడు వాణ్ణెత్తుకోని అన్నాను. నేను మనిషిగా కనపడలేదా నీకు? ఆ ఆరోగ్యసామి రాసిందాన్ని పక్కింటి పిల్ల చదువుతుంటే మా అమ్మ మాట్లాడినట్టే ఉంటుంది నాకు. ఆయన్ని పట్టి జైల్లో పెట్టించినావు.”



సమావేశాలు ముగిశాయి, ఆరోగ్యసామి ఇల్లు చేరాడు. కాలనీకి వెళ్లడానికి చారులతకు ఆ తర్వాత కూడా చాలా రోజులు పట్టింది. వెళ్లిననాడు అతని భార్య సెల్లాయి గుమ్మంలో ఆమెను గుర్తుపట్టి, పలకరించకుండా లోపలికి పోయింది. ఆరోగ్యసామి మాత్రం లేచి నిలబడి కుర్చీ వేశాడు.

“రాండమ్మా. కూసోండి.”

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆ మర్యాద ముందు చెదిరిపోయాయి. “నేను అబద్ధం చెప్పినానండీ,” అని మాత్రం అనగలిగింది. అలా తెలుగులో బయటివాళ్ల ముందు మాట్లాడి ఎన్నేళ్లయిందో.

“డిక్షనరీలో అట్లనే ఉందిలేమ్మా.”

“డిక్షనరీ సంగతి కాదు. మా ఇంట్లో అనరని చెప్పినాను. మీ జనం మాటని చెప్పినాను.”

అతను బల్లమీది ప్రూఫు కాగితాలు సర్దాడు. “అది నొచ్చిందమ్మా,” అన్నాడు చివరికి. “జైలు గూడా అంత నొయ్యలేదు.”

హైకోర్టులో తన తరఫున కృత్తిక అనే లాయరమ్మ కేసు వేసిందని చెప్పాడు. సభ్యుణ్ణి చూసి నవ్వడం సభకు అడ్డమెట్లా అవుతుందన్నదే వాదన. ఆ మాటకు వాడుకలో అర్థం వేరని తాను ప్రమాణపత్రం ఇస్తానంది చారులత.

“వద్దమ్మా. కమిటీ ముందర ఒకటి చెప్పి, ఇప్పుడు ఇంకొకటి చెప్తే, సభకు అబద్ధసాక్ష్యం చెప్పినారని మిమ్మల్నే పట్టుకుంటారు. అదీ హక్కుల భంగమే. నేను పడింది చాలు, మీకేమిటికి?”

అది వినగానే చారులత గుండెలో బరువు దిగింది. హమ్మయ్య అనిపించింది. ఆయనే వద్దన్నాడు, తన తప్పేముంది అనిపించింది. “సరేనండీ” అని లేచి వచ్చేసింది కూడా. బస్సులో సీటు దొరికి కూర్చున్నాక తెలిసింది, తనలో హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నది ఏమిటో. తను నొప్పించిన మనిషే తనకు అడ్డంగా నిలబడి కాపాడుతుంటే, ఆ నీడలో సుఖంగా ఒదిగింది. కమిటీ గదిలో అబద్ధం భయంలో జారింది. ఈ ‘సరే’ అలా జారలేదు, ఇష్టపడి అన్నది. తల ఎత్తితే పక్కసీటు మనిషి తన మొహం చదివేస్తుందేమోనని తను దిగాల్సిన గాంధీపురం వచ్చేదాకా ఒళ్లోని సంచీనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి నేరుగా కృత్తిక ఆఫీసుకు పోయి ప్రమాణపత్రం ఇచ్చింది. తన తల్లి పేరు, ఊరు, ఎవరిని ఎప్పుడు ఏమని తిడుతుందో అన్నీ చెప్పి రాయించింది.

“ధైర్యం మేడమ్ మీది,” అంది కృత్తిక కాగితాలు మడుస్తూ.

“ధైర్యమన్న మాట రాయకమ్మా, అనకు కూడా,” అంది చారులత. “నాకు ధైర్యముంటే ఆ మనిషి జైలుకు పోయేవాడే కాడు.”

కేసు ఇంకా విచారణకు రాలేదు. కమిటీ నుంచి నోటీసు మాత్రం చారులతకు త్వరగానే వచ్చింది. కాలేజీ సంజాయిషీ అడిగింది. అరవిందన్ మాట్లాడడం మానేశాడు. ఆరోగ్యసామి పత్రిక వస్తూనే ఉంది, తిన్నె మాట కూడా ఉంది. అవ్వ ఇప్పుడు మంచి తమిళంలో, ఎవరి పేరూ ఎత్తకుండా, ఎండల గురించీ ఉల్లిపాయల ధర గురించీ మాట్లాడుతుంది. తాయమ్మాళ్ పక్కింటి పిల్లను చదవమనడం మానేసింది. “ఆ ముసల్దాన్ని ఎవరో బెదిరించినట్టుండారు” అంటుంది, కూతురి వైపు చూడకుండా.