చింతపిక్క, గులకరాయి, నేను

సోడాకొట్టు పక్కింటి మహాలక్ష్మమ్మ చెప్పేదాన్ని బట్టి, నేను వెయ్యేళ్ళనాటి రాజుగారి కలశాన్నట. లోపలి పూత బంగారమట. నన్ను చూడ్డానికి ఢిల్లీ నుంచి కార్లేసుకుని మనుషులు వస్తున్నారట. ఇదంతా ఆవిడకి పాలుపోసే మనిషి చెప్పాడట, అతనికి వాళ్ళ బావమరిది చెప్పాడట. ఆ బావమరిది నన్నెప్పుడూ చూసిన పాపాన పోలేదు.

నేను ఒక ఫిరంగిగుండు తొడుగుని. ఇత్తడి గొట్టాన్ని. మూరెడుకి తక్కువ ఎత్తు, చెయ్యి దూరేంత మూతి. బంగారం ఊసే లేదు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. రేకుగా ఉన్నదాన్ని యంత్రాలు నొక్కి నొక్కి ఇలా సాగదీశాయి. కడుపులో మందు కూరి, నెత్తిన గుండు పెట్టి ఓడెక్కించారు. మలయా అడవుల్లో ఒక వానపొద్దున నన్ను పేల్చారు. గుండు అటు పోయింది, నేను ఇటు బురదలో పడ్డాను. అది ఎవరిమీద పడిందో నాకు ఈనాటికీ తెలియదు. యుద్ధంలో నా పాత్ర అంతే. ఆ తర్వాత ఆ యుద్ధం గురించి మైకు పట్టుకుని ఊగిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళెవరూ ఆ బురదలో లేరు.

నన్ను బురదలోంచి తీసినవాడు యర్రంశెట్టి అప్పలస్వామి. గోదావరి కాలవ పక్కన వెదుళ్ళలంక వాడు. ఇంట్లో గింజలు చాలక తెల్లవాళ్ళ పటాలంలో చేరాడు. మంచినీళ్ళ సీసా ఎక్కడో పోగొట్టుకుని, దాని బదులు నన్ను సంచిలో వేసుకున్నాడు. కొన్నాళ్ళకే పటాలమంతా జపానువాళ్ళకి లొంగిపోయింది. ఖైదీల శిబిరానికి మనవాళ్ళే వచ్చి, తెల్లవాళ్ళని తరమడానికి ఆజాద్ హింద్ సైన్యం కడుతున్నాం, వస్తారా అని అడిగారు. కొందరు వెళ్ళారు, కొందరు ఉండిపోయారు. అప్పలస్వామి వెళ్ళాడు. బర్మా దాకా నడిచాడు, జ్వరంతో పడ్డాడు, మళ్ళీ తెల్లవాళ్ళకే దొరికాడు, చివరికి చిక్కి శల్యమై ఇల్లు చేరాడు. దారి పొడుగునా నీళ్ళయినా గంజయినా నాలోనే తాగాడు. ఏ సైన్యంలో చేశావని ఎవరైనా అడిగితే, "నడిచానండి" అనేవాడు. మాట అక్కడితో సరి.

నాకు రెండో ఉద్యోగం దొరికింది ఆ ఖైదీల శిబిరంలోనే. వంట ఎవరికి అప్పగించాలని రోజూ రభస. హవల్దారు తన మనిషినే పెట్టాలంటాడు, అతని ఎదురుగా చెయ్యెత్తి కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు అప్పలస్వామి నామీద గుడ్డ కప్పి, ఒక్కొక్కర్నీ చెయ్యి లోపల పెట్టి, సరేనంటే గింజో కాదంటే రాయో వదలమన్నాడు. తగువు తేలి, మర్నాటి నుంచి అన్నం ఉడికింది.

ఆ పద్ధతినే ఊరికి తెచ్చాడు. వెదుళ్ళలంకలో కాలవ నీళ్ళు తగ్గిన ఏడు, దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్ళు ముందు ఎగువ పొలాలకా, శివారు పొలాలకా అని పెద్ద తగువు. అంతకుముందు చేతులెత్తించేవారు. ఎగువ ఆసామి ఎటు చూస్తే కౌలుదార్ల చేతులు అటే లేచేవి. అప్పలస్వామి నన్ను కాలవగట్టు మీద పెట్టాడు. మనిషికో చింతపిక్క, ఓ గులకరాయి. ఎగువకైతే పిక్క, శివారుకైతే రాయి నాలో వదలాలి. రెండోదాన్ని ఎవరికీ కనబడకుండా కాలవలో పడెయ్యాలి. రాయి పడితే ఠంగుమని మోగి గుట్టు తెలిసిపోతుందని నా అడుగున తడిగోనె ముక్క పరిచాడు. ఆ ఏడు మొదటిసారి శివారు పొలాలకి ముందు నీళ్ళు పారాయి. అప్పలస్వామి పోయాక కూడా నీళ్ళు తక్కువైన ప్రతి ఏడూ నన్ను గట్టు మీదకి తీసుకొచ్చేవారు.

మొన్నీమధ్య ఊరికి నామీద ప్రేమ ఎక్కువైంది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పేరి సూర్యప్రకాశం మాస్టారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి పులకించిపోయారు.

"ప్రజాస్వామ్యం గ్రీసులో పుట్టిందని మనకి నూరిపోశారయ్యా! ఇదిగో, రాజుల కాలంలోనే మన పూర్వులు ఓట్లేసిన పాత్ర!"

రిటైరైన సుబేదారు గవర్రాజుకి అది మింగుడు పడలేదు. "అడుగున ఇంగిలీషు అంకెలున్నాయి కదండీ మాస్టారూ. మీ రాజుగారు కాన్వెంటులో గానీ చదివాడాండీ? ఇది మా పటాలం వాళ్ళ గెలుపు గుర్తు."

"గెలుపేంటండీ బాబూ, లొంగిపోయారు కదా! అప్పలస్వామి తాత ఆజాద్ హింద్ వీరుడు. తెల్లోడి సిపాయంటే ఊరుకోం" అని కుర్రాళ్ళు లేచారు.

మాస్టారి మాటలో సగం నిజమే. మన దేశంలో పూర్వం కుండలో ఆకులు వేసి పెద్దల్ని ఎంచుకున్న ఊళ్ళున్నాయని శాసనాలు ఉన్నాయట. ఆ కుండ నేను కాదు, అంతే. గవర్రాజుదీ సగం నిజం, కుర్రాళ్ళదీ సగం నిజం. నాకు నోరు లేకపోవడం వాళ్ళందరికీ బాగా కలిసొచ్చింది.

కొట్లాడుకున్న ముగ్గురూ ఒక్కదాంట్లో కలిశారు. పంచాయితీ ఆఫీసు ముందు దిమ్మ కట్టి, నన్ను అద్దాల పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ప్రెసిడెంటు బులిరెడ్డి సరేనన్నాడు. అతని పొలం ఎగువన ఉంది. ఈ ఏడు కాలవలో నీళ్ళు మోకాల్లోతు కూడా లేవు. ఇంత విలువైన వస్తువుని గట్టు మీద పడేస్తే ఏం బాగుంటుంది, నీటివంతు ఈసారికి చేతులెత్తి కానిచ్చేద్దాం అన్నాడు.

అప్పలస్వామి కూతురు నూకరత్నానికి శివారున ఎకరంన్నర చేను. నారుమడి అప్పటికే పసుపు తిరిగింది. చేతులెత్తిస్తే తనవైపు ఎవరూ ఎత్తరని ఆవిడకి తెలుసు. కౌళ్ళన్నీ ఎగువ ఆసాముల చేతుల్లో ఉన్నాయి.

పెట్టె బిగించే రోజు టీవీవాళ్ళు వచ్చారు. బులిరెడ్డి మైకందుకున్నాడు. "ప్రజాస్వామ్యం పుట్టింది మా వెదుళ్ళలంకలోనండి. ఏ పనైనా మా ఊళ్ళో జనాన్ని అడిగే చేస్తామండి."

జనంలోంచి నూకరత్నం లేచింది. కొంగులో చింతపిక్కలు, గులకరాళ్ళు.

"అయితే అడగండి బాబూ. దీన్ని పెట్టెలో పెట్టాలో వద్దో దీన్నే అడగండి. పెట్టాలంటే పిక్క, వద్దంటే రాయి."

"ఇప్పుడెందుకు పిన్నీ, ఏర్పాట్లన్నీ అయిపోయాక?"

"ఏం, ప్రజాస్వామ్యానికి పుట్టినూళ్ళోనే సిగ్గా?"

జనం గొల్లుమన్నారు. టీవీ అబ్బాయి కెమెరా దించలేదు. బులిరెడ్డికి నవ్వక తప్పలేదు.

నూకరత్నం గోనె ముక్క తడిపి నా అడుగున పరిచింది. చేతులు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. మట్టి చేతులు, ఉంగరాల చేతులు, గాజుల చేతులు. కౌలుదార్ల చేతులు కూడా వెనక్కి పోలేదు. మాస్టారి చెయ్యి వచ్చింది, సుబేదారు చెయ్యి వచ్చింది. ప్రెసిడెంటు చెయ్యి లోపలికొచ్చి కాసేపు ఆగింది. ఎవరు ఏం వదిలారో నాకు తెలుసు. చెప్పను. చెప్పకపోవడమే నా ఉద్యోగం.

బోర్లిస్తే గులకరాళ్ళ గుట్ట ముందు చింతపిక్కలు చారెడు కూడా లేవు. పేల్చిన రోజున నేను చేసిన చప్పుడు అడవంతా వినబడింది గానీ, దానివల్ల ఎవరికి మేలు జరిగిందో చూడలేదు. ఈ చప్పుడులేని పనిలో మాత్రం మనుషుల మొహాలు వెలగడం కళ్ళారా చూశాను. పాతసామాన్ల కొట్టుకి పోయే రోజు వస్తే ఈ ఒక్కటీ తలుచుకుంటూ కరుగుతాను.

బులిరెడ్డి చెమట తుడుచుకున్నాడు. "సరే పిన్నీ, పెట్టె మానేశాం. రేపు నీటివంతు కూడా దీంట్లోనే తేలుద్దాం. మరి నల్లరాయి తెప్పించేశాం, దానిమీద ఏం రాయించమంటావ్? మీ నాన్న తెల్లోళ్ళ సిపాయా, ఆజాద్ హింద్ వీరుడా? కుండ మన రాజుల కాలం నాటిదా?"

మాస్టారు, సుబేదారు, కుర్రాళ్ళు అందరూ ముందుకి వంగారు. నూకరత్నం నన్ను చంకన పెట్టుకుని, గోనె ముక్క పిండుతూ అంది.

"రేపు తేలాక, నీళ్ళు ఎవరికి ఏ రోజో రాయించు బాబూ. అదైతే రోజూ చదువుకుంటాం."