నాలుగో రీలు

ఎడమచేతి వేళ్ల మధ్య ఫిలిం అంచు జారుతూ ఉంటే, కుడిచేత్తో చక్రం తిప్పుతున్నాడు ఆపరేటర్. ఎక్కడైనా అంచు చిరిగినా, అతుకు లేచినా వేలికి తెలుస్తుంది. కంటికన్నా వేలినే నమ్ముతాడతను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఫిలిం అంచు కోసుకుని కోసుకుని, ఆ చూపుడువేలి కొస గట్టిపడి నున్నగా అయిపోయింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. పదింటికి ఫిలిం క్లబ్బు వాళ్ల ఆట. నెలకొకసారి వాళ్లు వేసుకునే సినిమాల్లో పాటలుండవు, ఫైట్లుండవు, చాలాసార్లు మాటలే ఉండవు. ఓ మనిషి గోడవంక చూస్తూ పావుగంట కూర్చుంటే, యాభై మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇవాళ్టిది అంతరిక్షం సినిమా. తుపాకులూ పేలుళ్లూ ఉంటాయనుకునేరు, ఏమీ ఉండవు. నౌకలో ఒకే ఒక్క ముసలావిడ. ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ, చేతిలో గ్లాసుడు నీళ్లతో పక్క గదిలోకి వెళుతుంది. ఏడు రీళ్లు, ఏడు గదులు.

పదకొండేళ్ల కిందట ఇదే సినిమా వచ్చినప్పుడు ఆపరేటర్ ఒక పొరపాటు చేశాడు. డబ్బాల మీద అంకెలు చెరిగిపోయి, నాలుగో రీలు ఎక్కించాల్సిన చోట అయిదోది ఎక్కించాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఆట అయ్యాక పైకి వచ్చినవాడు ఒక్కడే, గేటు దగ్గర టికెట్లు చించే బావమరిది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, నాలుగూ అయిదూ తారుమారయ్యాయి. ఎవరికీ చెప్పలేదులే."

వాడు అరిచి ఉంటే ఆపరేటర్ మరిచిపోయేవాడు. నలుగురిలో నవ్వి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ఆ 'లే' ఒక్కటీ ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది. వీడికి ఆ ఉద్యోగం పెట్టించింది ఎవరు? యజమాని గుమ్మం ముందు మూడు రోజులు నిలబడింది ఎవరు? అప్పటికి వీడికి టికెట్ తిన్నగా చించడం కూడా రాదు.

ఇప్పుడేమో క్లబ్బు పెద్ద లెక్చరర్ గారు గేటు దగ్గర ఆగి, "ఎలా ఉందంటారు?" అని వీణ్ని అడుగుతారు. ఆపరేటర్‌ని మాత్రం ఆయన ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో అడిగింది ఒకటే. ఫ్యాన్ తగ్గించమని.

మెట్ల మీద అడుగుల చప్పుడు. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ ఆగింది. బావమరిది రెండు టీ గ్లాసులతో లోపలికి వచ్చి, బల్ల అంచు పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. ఒంటి మీద ఆపరేటర్‌కున్న ఒకే ఒక్క మంచి చొక్కా. పొద్దున్నే ఆపరేటర్ భార్య దాన్ని ఇస్త్రీ చేసి, "ఇవాళ మా తమ్ముడు నలుగురిలో మాట్లాడతాడు, వాడికి ఇస్తున్నా" అంది. అడగలేదు, చెప్పింది. భుజాలు జారి ఉన్నా, ఆ చొక్కా తన మీదకన్నా వీడి మీదే బాగుందని ఆపరేటర్‌కి అనిపించింది. అదీ మంటే.

"సినిమా అయ్యాక అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు బావా. కాళ్లు వణుకుతున్నాయి."

"వణికేవాడివి ఎందుకు ఒప్పుకున్నావ్?"

"అక్క ఒప్పుకోమంది."

"మీ అక్క రాకెట్ ఎక్కమంటే ఎక్కుతావా?"

బావమరిది నవ్వబోయి దగ్గాడు. గుండె మీద రుద్దుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆవిడ దీపం ఆర్పేముందు గదంతా ఒకసారి చూస్తుంది బావా. అందుకే అంతసేపు పడుతుంది. చూశావా ఎప్పుడైనా?"

చూడలేదు. ఎలా చూస్తాడు? అతనికి పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు, తెర చూడకు, మూల చూడు అని. రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పై మూలలో చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో మెషీన్ తిప్పాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. బొమ్మ చూస్తూ కూర్చున్నవాడికి చుక్క తప్పుతుంది. ఇన్ని వేల ఆటల్లో ఆపరేటర్ చూసింది ఆ మూలనే. కింద ఏడ్చారో, ముద్దు పెట్టుకున్నారో, చచ్చారో, అతనికి అనవసరం.

బావమరిది దిగి వెళ్లాక, ఆపరేటర్ నాలుగో డబ్బా పక్కకు జరిపి అయిదోది దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి పొరపాటు కాదు. వీడు తప్పు కనిపెట్టకుండానే వెళ్లి మాట్లాడతాడు. చప్పట్లన్నీ అయ్యాక తను తాపీగా వెళ్లి చెవిలో చెబుతాడు. నాలుగూ అయిదూ తారుమారయ్యాయిరా, ఎవరికీ చెప్పనులే.

ఆట మొదలైంది. ఎడమ మెషీన్‌లో ఒకటి, కుడిలో రెండు, మళ్లీ ఎడమలో మూడు. చుక్క పడింది. కుడి మెషీన్‌లో అయిదో రీలు కదిలింది.

బావమరిది ఎప్పుడూ ఆఖరి వరుసలో మధ్య కుర్చీలో కూర్చుంటాడు. ఏదైనా తేడా వస్తే టార్చి వెనక్కి తిప్పి, పైన ఆపరేటర్ గది కిటికీ అద్దం మీద వేస్తాడు. ఒకసారి వెలిగించి ఆర్పితే బొమ్మ మసక. రెండుసార్లయితే శబ్దం. మూడుసార్లయితే రీలు. ఇద్దరూ మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆ లెక్క తప్పలేదు.

ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఆపరేటర్ వెనక గోడ మీద గుండ్రంగా వెలుగు పడింది.

ఒకటి, అని లెక్కపెట్టుకున్నాడు. ఆరితేనే కదా రెండు. ఆరలేదు. గోడమీద చందమామలా అలా నిలబడిపోయింది.

వీడికి అనుమానం వచ్చింది గానీ చెప్పే ధైర్యం లేదనుకున్నాడు. సంతోషించాడు కూడా. కాసేపయ్యాక ఆ సంతోషం పలచబడింది. వీడికి ఎక్కడ అనుమానం వచ్చిందో తెలుసుకోవాలనిపించి, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి కిటికీ అద్దానికి ముఖం ఆనించి తెర మధ్యలోకి చూశాడు.

ముసలావిడ గోడమీద మీట పట్టుకుని నిలబడి ఉంది. ఆర్పలేదు. మంచం చూసింది. కుర్చీ చూసింది. కిటికీ అవతల ఒక్క చుక్కా లేని ఆకాశం చూసింది. ఆమె చేతిలో గ్లాసు అడుగున గుక్కెడు నీళ్లు. ఎంతసేపో. ఆర్పితే ఆ గది ఇక ఉండదు, చూసేవాళ్లు లేరు కనక. ఆపరేటర్ తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

చుక్క పడింది. అతను చూడలేదు.

తెర తెల్లగా మండింది. హాలంతా పగలైంది. జనం కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆఖరి వరుసలో ఒక్క తల మాత్రం కుర్చీకి ఆని, కదలకుండా ఉంది. ఆపరేటర్ గబగబా ఎడమ మెషీన్ తిప్పి బొమ్మ మార్చాడు. నాలుగో రీలు వచ్చింది. గ్లాసులో నీళ్లు మళ్లీ సగానికి ఉన్నాయి. ఆవిడ ఇంకా అయిదో గది చూడనే లేదు. తను ఏం చెడగొట్టాడో అప్పుడు తెలిసింది. ఇంత ఉందిరా ఇందులో అని వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. చెబితే అర్థమయ్యేవాడు ఒక్కడే ఉన్నాడు.

ఆట అయ్యాక దీపాలు వేశారు. లెక్చరర్ గారు మైకు పట్టుకుని, తాగిన నీళ్లు గ్లాసులోకి తిరిగి రావడంలో కాలం గురించి దర్శకుడు చెప్పినదాన్ని పది నిమిషాలు విప్పి చూపించారు. జనం తలలు ఊపారు. తర్వాత బావమరిదిని పిలిచారు. చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. మన వక్తగారు నిద్రపోయినట్టున్నారని ఎవరో అంటే నవ్వులు లేచాయి.

అప్పటికి ఆపరేటర్ మెట్లు దిగి ఆఖరి వరుసలోకి వచ్చాడు. పొద్దున్నుంచీ నోట్లో నానుతున్న మాట ఎటో పోయింది. "లేరా, నేను చూశానురా, ఆవిడ గదంతా చూసింది" అంటూ మణికట్టు పట్టుకున్నాడు.

వేలికి తెలిసింది.

సభ్యుల్లో ఉన్న డాక్టర్ వచ్చి కనురెప్పలు ఎత్తి చూసి, ప్రాణం పోయి గంట దాటిందని మెల్లగా చెప్పాడు. నలుగురూ కలిసి ఎత్తుతుంటే చొక్కా నలిగింది. ఆపరేటర్ వంగి కాలరు సరిచేశాడు. వాళ్ల అక్కకి ఏమని చెప్పాలో ఆలోచించలేకపోయాడు. అతను ఆలోచిస్తున్నది ఒకటే. వెలిగింది ఒక్కసారా, మూడింటిలో మొదటిదా?

హాలు ఖాళీ అయింది. చేతి నుంచి జారిన టార్చి కుర్చీలోనే ఉండిపోయింది, పసుపు పచ్చగా సన్నబడి, పైనున్న అద్దంవంక చూస్తూ, ఇంకా వెలుగుతూ.